తలకిందుల బొమ్మను ఎవరు చూస్తారు?

ప్రశ్న: నేను చంద్రగిరి మండలంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి సైన్సు బోధిస్తున్నాను. కంటి బొమ్మ ఇచ్చి భాగాలు గుర్తించమంటే పిల్లలు ఒక్క తప్పు లేకుండా గుర్తిస్తారు. కానీ బయట ఉన్న మామిడిచెట్టు మీకెలా కనబడుతోందని అడిగితే, ‘మా చూపు వెళ్ళి చెట్టు మీద పడుతుంది టీచర్’ అంటున్నారు. కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుందనీ, దానిని మెదడు తిప్పి సరిచేసుకుంటుందనీ చెప్పాను. ఒక అమ్మాయి లేచి, ‘తిప్పిన బొమ్మను మళ్ళీ ఎవరు చూస్తారు టీచర్?’ అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. మేకకన్ను తెచ్చి కోసి చూపిస్తే అన్నీ అర్థమవుతాయని తోటి ఉపాధ్యాయుడొకరు అంటున్నారు గానీ, మాంసం ముట్టని ఇళ్ళ పిల్లలు కూడా తరగతిలో ఉన్నారు. నన్నేం చేయమంటారు?

— ఒక ఉపాధ్యాయిని, తిరుపతి జిల్లా

సమాధానం: అమ్మా, ముందుగా ఆ అమ్మాయి సంగతి. చూపును గురించి అడగదగిన ప్రశ్నలలో అంతకంటే లోతైనది లేదని నా నమ్మకం. ముప్పై ఏళ్ళు తిరుపతి చుట్టుపక్కల బడులలో ఇదే పాఠం చెప్పిన నన్ను ఇద్దరో ముగ్గురో మాత్రమే ఆ మాట అడిగారు. దానికి జవాబు ఉంది, ఎనిమిదో తరగతి పిల్లలకు అందేటట్లు చెప్పవచ్చు కూడా. అయితే చూపే వెళ్ళి చెట్టు మీద పడుతుందని అనుకొనే తరగతిలో ఆ జవాబు నిలవదు కనుక, వెలుగు ఎటు నుంచి ఎటు వెళుతుందో మొదట తేల్చి, ఆ తరువాతనే తలకిందుల బొమ్మ దగ్గరకు రావాలి. మేకకన్ను గురించి చివర చెబుతాను.

మీ పిల్లలు అలా అనుకోవడం మందబుద్ధి వల్ల కాదు. మన మాటలన్నీ అలాగే ఉన్నాయి. చూపు పడింది అంటాం, చూపు సారించాడు అంటాం, చూపు మరల్చుకున్నాడు అంటాం. పసిబిడ్డకు దిష్టి తగిలిందని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పులలో వేసే ఇంట్లో పెరిగిన పిల్లవాడికి, కంటిలోంచి ఏదో బయలుదేరి ఎదుటివారిని తాకుతుందన్న సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. తర్కానికి పేరుపడ్డ మన ప్రాచీన న్యాయదర్శన పండితులు సైతం కన్ను తేజస్సుతో ఏర్పడిందనీ, దాని కిరణాలు బయటికి వెళ్ళి వస్తువును తాకితేనే చూపు కలుగుతుందనీ వాదించారు. గ్రీకుల యూక్లిడ్ కూడా కంటినుంచి కిరణాలు వెలువడతాయన్న భావన మీదనే తన లెక్కలు కట్టాడు. 11వ శతాబ్దంలో కైరోలో ఉండి కాంతిని గురించి పెద్ద గ్రంథం రాసిన ఇబ్న్ అల్ హైతమ్, మిక్కిలి తీవ్రమైన వెలుగును చూసినప్పుడు కన్ను నొప్పి పెడుతుంది కదా, అంటే ఏదో కంటిలోకి వస్తున్నట్లే కదా అని వాదించి, వెలుగు వస్తువునుంచే కంటికి వస్తుందని నిలబెట్టాడు. ఈ కథను పిల్లలకు తప్పక చెప్పండి. తాము పొరబడిన చోటనే అంతటివారూ పొరబడ్డారని తెలిస్తే వారు సిగ్గుపడక మనసులో ఉన్నది బయటపెడతారు, బయటపడని అభిప్రాయాన్ని మనం సరిదిద్దలేం.

ఆ తరువాత వారిని చీకటిలోకి తీసుకువెళ్ళండి. బడిలో కిటికీ లేని సామాను గది ఏదైనా ఉంటే తలుపు సందులలో గోనెసంచులు కుక్కి, ఐదారుగురి చొప్పున మీతోపాటు లోపల కూర్చోబెట్టుకోండి. పదినిమిషాల పాటు ఎవరూ మాట్లాడకుండా, బల్ల మీద పెట్టిన సున్నపు ముద్దనో తెల్లకాగితాన్నో చూడడానికి ప్రయత్నించాలి. లోపలికి వెళ్ళేముందు అడిగితే, ‘కాసేపు ఉంటే కళ్ళకు అలవాటై కనబడుతుంది’ అని దాదాపు అందరూ అంటారు; వారు ఇంతవరకు చూసిన చీకటిలో ఎక్కడో ఒక చుక్కో, వీధి దీపమో, సెల్‌ఫోను వెలుగో ఉంటూనే ఉంది. నిజమైన చీకటిలో ఎంతసేపు కూర్చున్నా కాగితం కనబడదు. అప్పుడు తలుపు సందులోంచి ఒక్క గోనెసంచి లాగండి. సన్నని వెలుగు చార కాగితం మీద పడుతుంది, కాగితం కనబడుతుంది. కళ్ళు అంతకుముందూ తెరుచుకునే ఉన్నాయి, చూపును అక్కడే నిలిపి ఉంచారు, మారింది వెలుగొక్కటే. నేను చేసిన ప్రతిసారీ పిల్లలు ఆ క్షణంలో ఒక్కసారిగా ‘ఓహ్’ అన్నారు. ఆ వెంటనే ఎవరో ఒకరు పిల్లి కళ్ళను అడ్డం తెస్తారు, ఘాట్ రోడ్డులో చిరుతపులి కళ్ళు మెరిశాయని ఎవరో చెప్పగా విన్నామనీ అంటారు. పిల్లికి, చిరుతకు, ఆవుకు రెటీనా వెనుక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికి వెళ్ళిన వెలుగును అది వెనక్కు కొడుతుంది. బండి లైటు పడితేనే ఆ కళ్ళు మెరుస్తాయి, లైటు ఆర్పితే మెరవవు. సాయంత్రం కొట్టంలో ఆవు దగ్గర టార్చి వేసి, ఆర్పి, వారినే తేల్చుకురమ్మనండి.

మరునాడు ఒకరినొకరు ఎదురెదురుగా కూర్చోబెట్టి ఎదుటివారి కళ్ళలోకి చూడమనండి. నల్లగుడ్డు అని మనం పిలిచే భాగం నిజానికి గోధుమరంగు వలయం, దాని నడుమ ఉన్నదే అసలైన నలుపు. ఆ నలుపులో చూస్తున్నవారి బొమ్మ చిన్న పసిపాపలాగ కనబడుతుంది కాబట్టే దానిని కనుపాప అన్నారు. ఎంత అందమైన పేరో పిల్లలకు చెప్పి, ఇప్పుడు అడగండి: కనుపాప ఒక వస్తువా? చాలామంది దానిని గుండీలాంటి నల్లబిళ్ళ అనుకుంటారు. అది రంధ్రం. మిట్టమధ్యాహ్నం వీధిలో నిలబడి చూస్తే ఇంటి కిటికీ లోపలంతా నల్లగా కనబడుతుంది కదా, ఆ నలుపు కిటికీ రంగు కాదు, లోపలికి వెళ్ళిన వెలుగులో బయటికి వచ్చేది బహుస్వల్పం కావడం వల్ల అలా ఉంటుంది. తరగతి కిటికీలు మూసి రెండు నిమిషాల తరువాత తెరిస్తే ఆ రంధ్రం కళ్ళెదుటే ముడుచుకుంటుంది. దాని వెడల్పు ఎండలో సుమారు 2 మిల్లీమీటర్లు, చీకటిలో 8 వరకు ఉంటుంది. తమ కంట్లో ఇంత పని తమకు తెలియకుండా జరుగుతోందని పిల్లలు మొదటిసారి గమనించడం చూడముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు తలకిందుల బొమ్మ. దీనికి తరగతి గదినే కన్నుగా మార్చండి. ఉదయంపూట పడమటి వైపు కిటికీని ఎంచుకోండి, అప్పుడే ఎదుటి దృశ్యం మీద ఎండ నేరుగా పడుతుంది. కిటికీలన్నీ నల్లచార్టులతో మూసి, ఒక్క చోట చిటికెనవేలు దూరేంత రంధ్రం చేసి, దానికి ఒకటిన్నర మీటరు దూరంలో ఉతికిన తెల్లపంచెను తెరలాగ పట్టించండి. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా అయిదు నిమిషాలు ఓపిక పట్టాలి. ఆపైన పంచె మీద ఆకాశం కిందికి, కొండ పైకి, చెట్లు కొమ్మలు కిందికి వేలాడుతూ కనబడతాయి. వీధిలో సైకిలు కుడికి వెళితే తెరమీద ఎడమకు వెళుతుంది. హంపి విరూపాక్ష ఆలయంలో గోడమీద గోపురం తలకిందులుగా పడడాన్ని చూసినవారు తరగతిలో ఎవరైనా ఉండవచ్చు, అదీ ఇదే. కొండ శిఖరం నుంచి బయలుదేరి రంధ్రంలోంచి నేరుగా వచ్చే వెలుగు తెరమీద కిందనే పడుతుంది తప్ప మరోచోట పడడానికి వీలులేదని ఒక తాడు పట్టి చూపించండి.

రంధ్రం దగ్గర భూతద్దం పెడితే తెరను ఒక నిర్ణీత దూరంలో ఉంచినప్పుడు బొమ్మ చిన్నదై, స్ఫుటంగా, మెరుస్తూ వస్తుంది. దగ్గరి వస్తువుకైతే తెరను కొంచెం వెనక్కు జరపాలి. కంట్లో రెటీనాను జరపడానికి చోటు లేదు, కనుగుడ్డు మొత్తం అడ్డుకొలత సుమారు 24 మిల్లీమీటర్లే కనుక, తెరకు బదులు కంటిలోని భూతద్దంలాంటి కటకమే లావై, పలచనై సర్దుకుంటుంది. నలభై ఏళ్ళు దాటాక ఆ సర్దుబాటు తగ్గుతుంది, దానినే చత్వారం అంటాం. పాఠంలో స్పష్టదృష్టి కనిష్ఠ దూరం 25 సెంటీమీటర్లని ఉంటుంది, అది పెద్దవారి సంగతి. మీ పిల్లలు పుస్తకాన్ని 10 సెంటీమీటర్ల దాకా తెచ్చుకొని కూడా చదవగలరు, స్కేలు పెట్టి కొలవమనండి. ఇంకొక మాట. బొమ్మలలో కటకం పెద్దగా గీసి ఘనతంతా దానికే ఇస్తాం గానీ, వెలుగును వంచే పనిలో మూడింట రెండు వంతులు కంటి ముందున్న పారదర్శకమైన కార్నియాదే. బావిలో ఈతకొట్టే పిల్లలకు ఇది సులభంగా అర్థమవుతుంది: నీళ్ళలో కళ్ళు తెరిస్తే అంతా మసకగా ఉండేది, గాలికీ కార్నియాకూ ఉన్న తేడా నీటికీ కార్నియాకూ లేకపోవడం వల్లనే.

ఇక ఆ అమ్మాయికి జవాబు. బొమ్మను మెదడు తిప్పుతుంది అన్న మాటను దయచేసి వదిలివేయండి. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను, అది తప్పు దారి పట్టిస్తుంది. ఆ మాట వినగానే మెదడులో ఒక తెర, ఆ తెర ముందు కూర్చున్న చిన్న మనిషి పిల్లల మనసులో మెదులుతారు. అప్పుడు ఆ మనిషి కళ్ళలోని బొమ్మను ఎవరు చూస్తారన్న ప్రశ్న వస్తుంది, అది ఎక్కడా ఆగదు. నిజానికి బొమ్మ ప్రయాణం రెటీనా దగ్గరే ముగుస్తుంది. అక్కడ దండాలనే కణాలు సుమారు 12 కోట్లు, శంకువులనే కణాలు సుమారు 60 లక్షలు ఉన్నాయి. వెలుగు తగిలినప్పుడు వాటిలో కలిగే మార్పు విద్యుత్ సంకేతంగా మారి నాడిలోంచి మెదడుకు పోతుంది. ఆ నాడిలో ఉన్న పోగులు 10 లక్షలకు కొంచెం అటూ ఇటూ. అంటే రెటీనాయే చాలావరకు వడకట్టి, కూడబలికి, సారాంశాన్ని పంపుతోంది; నాడిలో బొమ్మ లేదు, రంగు లేదు, తలకిందులూ లేదు. ‘ఎరుపు’ అన్న మాటను నీలిసిరాతో రాసినా చదివినవారికి ఎరుపే తోస్తుంది, ‘పైన’ అన్న మాటను పేజీ అడుగున రాసినా దాని అర్థం పైననే. అలాగే రెటీనా అడుగుభాగం నుంచి వచ్చే సంకేతానికి అర్థం ‘ఇది పైన ఉంది’ అని. తల్లి ముఖం వైపు చేయి చాచే పసివయసు నుంచి చేయీ కన్నూ కలిసి పనిచేసి ఆ పొత్తును గట్టిపరుచుకుంటూ వస్తాయి. 1890లలో జార్జ్ స్ట్రాటన్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రపంచాన్ని తలకిందులుగా చూపించే కటకాలను రోజుల తరబడి కంటికి కట్టుకొని తిరిగాడు. మొదట గ్లాసు అందుకోవడానికి కూడా తడబడినవాడు, కొన్నాళ్ళకు పనులు సునాయాసంగా చేసుకోగలిగాడు. కనుక ఆ అమ్మాయితో, తిప్పేవారు లేరు, చూసేవారు వేరే లేరు, ఆ సంకేతాలను అర్థం చేసుకోవడమే చూడడం అని చెప్పండి. ఆ అర్థం చేసుకోవడం నుంచి ‘నేను చూస్తున్నాను’ అన్న ఎరుక ఎలా పుడుతుందన్నది నేటికీ శాస్త్రజ్ఞులు తేల్చని ప్రశ్న అని కూడా చెప్పండి. ఆమె ప్రశ్న అంతవరకు వెళుతుందని తెలుసుకొనే హక్కు ఆమెకు ఉంది.

ఈ మాట నమ్మించడానికి ఒక చిన్న ప్రయోగం ఉంది, నాకు దీనికంటే ఇష్టమైనది లేదు. పాత పోస్టుకార్డుకు గుండుసూదితో ఒక రంధ్రం చేసి, సూదిని పక్కన పెట్టివేసి, ఒక కన్ను మూసి, రెండో కంటికి రెండు వేళ్ళ దూరంలో కార్డు పట్టుకొని, రంధ్రంలోంచి తెల్లని ఆకాశం వైపు చూడాలి. సూర్యుడి వైపు మాత్రం ఎవరూ చూడకూడదు, ఈ ఒక్క విషయంలో మీరు కఠినంగా ఉండండి. గుండ్రని వెలుగు బిళ్ళ కనబడుతుంది. ఇప్పుడు పైరెప్పను మెల్లగా, చాలా మెల్లగా దించాలి. రెప్ప పైనుంచి దిగుతూ ఉంటే, చీకటి మాత్రం వెలుగు బిళ్ళ కింది అంచునుంచి పైకి లేస్తుంది. వెంట్రుకలు కూడా కిందినుంచి మొలిచినట్లు కనబడతాయి. కార్డు అంత దగ్గరగా ఉన్నప్పుడు రెప్ప నీడ రెటీనా మీద తలకిందులు కాకుండా, ఉన్నది ఉన్నట్లుగా పైభాగంలో పడుతుంది. కానీ రెటీనా పైభాగం నుంచి వచ్చే కబురుకు ‘కింద’ అనే అర్థం కనుక మనకు కింద కనబడుతుంది.

అదే వరుసలో అంధచుక్కను కూడా చూపించండి. నోటుపుస్తకంలో ఎడమవైపు ఒక కూడిక గుర్తు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో ఒక నల్లచుక్క పెట్టి, ఎడమకన్ను మూసి, కుడికంటితో కూడిక గుర్తునే చూస్తూ పుస్తకాన్ని దగ్గరకు తెచ్చుకుంటే, సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. నాడి బయటికి వెళ్ళే ఆ చోట వెలుగును పట్టే కణాలు లేవని ఫ్రాన్సులో మారియట్ 1660లలోనే గమనించాడు. చుక్క పోయిన చోట నల్లని గుంట కాక తెల్లకాగితమే కనబడడం మీద పిల్లల దృష్టి నిలిచేటట్లు చేయండి.

రెండు కళ్ళెందుకన్న ప్రశ్నకు మీకు దూరం వెళ్ళే పని లేదు. శ్రీకాళహస్తి కన్నప్ప కథ మీ పిల్లలందరికీ వచ్చు. స్వామి కంటినుంచి నెత్తురు కారుతుంటే తిన్నడు బాణంతో తన కన్నొకటి పెకలించి పెట్టాడు. రెండో కంటినుంచీ కారితే, తనది తీసిన తరువాత చోటు తెలియదని కాలి బొటనవేలు అక్కడ ఆనించి పెట్టుకున్నాడు. ఆ కాలు ఎందుకు పెట్టాడో పిల్లలే చెబుతారు. అప్పుడు, ఒక్క కన్ను మిగిలిన ఆ కాసేపట్లో అతనికి ఏది తెలియడం కష్టమై ఉంటుంది అని భక్తి చెడకుండా అడగండి. చేతులు చాచి రెండు పెన్నుల మొనలు తాకించమని, ముందు రెండు కళ్ళతోను, తరువాత ఒక కంటితోను చేయిస్తే దూరం, లోతు అన్న జవాబు వారికే దొరుకుతుంది. నేత్రదానంలో కన్ను మొత్తాన్ని మరొకరికి అమర్చరు, కార్నియానే అమర్చుతారని చెప్పడానికి కూడా ఇదే తగిన సందర్భం.

మేకకన్ను విషయంలో నా సలహా, ఈ తరగతికి వద్దని. కోసిన కన్ను కంటి నిర్మాణం చూపిస్తుంది, మీ పిల్లలకు లోపించింది అది కాదు, వారు భాగాలన్నీ ఇప్పటికే గుర్తిస్తున్నారు. పైగా మాంసం ముట్టని ఇళ్ళ పిల్లలను ఆ గంటసేపు బయట కూర్చోబెట్టవలసి వస్తుంది, అది నాకు మనస్కరించదు. దానికి బదులు బతికి ఉన్న మేకనే చూపించండి. దాని కనుపాప ఎండలో అడ్డగీతలాగ ఉండి, సందెవేళ విప్పారుతుంది. చేపలు తినే ఇళ్ళ పిల్లలకు మరొకటి తెలుసు. చేపతల పులుసులో కంటిలోంచి బఠాణీగింజలాంటి గట్టి తెల్లటి గుండు ఒకటి వస్తుంది, అది కటకమే. పచ్చిగా ఉన్నప్పుడు గాజులాగ నిర్మలంగా ఉండి, ఉడికాక గుడ్డు తెల్లసొనలాగ తెల్లబడుతుంది. నీళ్ళలో కార్నియా వెలుగును వంచలేదు కాబట్టి చేపకు అంత గుండ్రని కటకం కావాలి. అవ్వ కంట్లో శుక్లం ఎందుకు తెల్లగా ఉంటుందో అడిగితే, అక్కడ వేడి లేకపోయినా వయసుతో కటకంలోని మాంసకృత్తులు మారి మసకబారతాయని, ఆపరేషనులో దానిని తీసి కృత్రిమ కటకం పెడతారని చెప్పవచ్చు. అలాంటి కటకాన్ని మొదట 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అమర్చాడు.

సూదిరంధ్రం ఉన్న ఆ పోస్టుకార్డును ఇంకొక పనికి వాడండి. ఒక్కొక్క పిల్లవాడినీ గది చివర నిలబెట్టి నల్లబల్ల మీది చిన్న అక్షరాలు ఒక్కొక్క కంటితో చదివించి, చదవలేనివారిని అదే రంధ్రంలోంచి చూడమనండి. రంధ్రంలోంచి అక్షరాలు తేటపడితే అది చాలావరకు అద్దాలతో సరిపోయే లోపమే. నా తరగతిలో ఒక కుర్రవాడు ఎప్పుడూ పక్కవాడి పుస్తకంలో చూసి రాసేవాడు. కాపీ కొడుతున్నాడని నేను రెండుసార్లు కోప్పడ్డాను. ఆ రంధ్రంలోంచి చూసిన రోజున వాడు కార్డు దించకుండా బల్లమీద ఉన్నదంతా గట్టిగా చదివాడు, నేను చెప్పని పంక్తులు కూడా. అలాంటి పిల్లలను ఆ వారంలోనే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, తిరుపతిలో రుయా ఆసుపత్రి కంటి విభాగానికో పంపించమని ఇంటివారికి మీరే చెప్పండి. చీకటిపడితే తడుముకుంటున్నారని తెలిసిన పిల్లల సంగతి ఇంకా తొందరగా చూడాలి, అది విటమిన్ ఏ లోపించడం వల్ల వచ్చే రేచీకటి కావచ్చు.

ఇవన్నీ అయ్యాక, వారం పది రోజులకు, చెప్పాపెట్టకుండా ఒక పని చేయండి. తెల్లకాగితం ఇచ్చి ఒక సూర్యుడిని, ఒక మామిడిచెట్టును, ఒక కన్నును గీసి, చెట్టు ఎలా కనబడుతుందో బాణాలతో చూపమనండి. భాగాల పేర్లు అడగవద్దు. సూర్యుడి నుంచి చెట్టుకు, చెట్టు నుంచి కంటికి బాణం వేసినవారికి ఇక కంటి బొమ్మ పరీక్ష కోసం గీయించవచ్చు. ఇద్దరో ముగ్గురో ఇంకా కంటినుంచి చెట్టువైపే బాణం వేస్తారు, వేస్తారని నా అనుభవం. వారిని మందలించక, ఆ అమ్మాయిని తోడిచ్చి మరొకసారి ఆ చీకటి గదిలోకి తీసుకువెళ్ళండి.